గడప ముందు ముడి

మొన్న సిరిసిల్లలో అమ్మ పట్టుకుని నడవడానికి స్నానాల గదిలో స్టీలు కడ్డీ బిగిస్తుంటే, ఆ తడి సిమెంటు వాసనకు మా పాత పెంకుటిల్లు, వానాకాలం పాచి పట్టిన వెనక వాకిలి గుర్తొచ్చాయి.

ఆ ఇంట్లో తాత మగ్గం గుంటలో కూర్చుని చీరలు నేసేవాడు, నాయనమ్మ పక్కన కండెలు చుట్టేది. నూలుకు పెట్టే గంజి పులుపు వాసన, పొయ్యి మీద వేగే మక్కపేలాల వాసన, మగ్గం టకటక కలిసి పొద్దున్నే మమ్మల్ని లేపేవి.

ఒక ఏడు బతుకమ్మకు నెల ముందు, చూపు మసకబారిన నాయనమ్మ జాలారులో, అంటే మేం నీళ్లు పోసుకునే బండల మీద, జారి పడింది. బెణికిన మణికట్టు వారానికి మానింది గానీ భయం మానలేదు. బయటికి పోవాల్సి వస్తుందని నీళ్లు తాగడమే తగ్గించింది. పొద్దుగూకినా ఆమె మంచం పక్క చెంబు నిండుగానే ఉండడం ముందుగా చూసింది తాతే.

మర్నాడు ఆయన మగ్గం ఆపి, పాత నూలు పేని, నా మణికట్టంత లావు తాడు చేసి, మంచం నుంచి జాలారు దాకా గోడ వెంట గూటాలకు నడుమెత్తున కట్టాడు. గడప వచ్చే చోట ఒక ముడి, బండలు మొదలయ్యే చోట రెండు ముళ్లు వేశాడు. నేనూ చెల్లె కొబ్బరిపీచుతో పాచి గీకాం.

నాయనమ్మ తాడు ముట్టలేదు. "నేనేమన్న బర్రెనా, తాడు కట్టి తోల్తున్నవ్?" అన్నది.

ఆ సాయంత్రం నుంచి తాతే తాడు పట్టుకుని, గడప దగ్గర ఆగి ఆగి నడవసాగాడు. రెండు రోజులు చూసి, కండ్లకేమైందని ఆమె అడిగింది.

"మసక కొడ్తున్నయ్. గీ ముడి లేకుంటే గడప తెలుస్తలేదు" అన్నాడు.

ఆయన చూపు ఎంత బాగుందో ఇంటిల్లిపాదికీ తెలుసు. నాయనమ్మ లేచి, ఆయన వెనకే తాడు పట్టుకుని, మెల్లగా నడవమని చెబుతూ జాలారు దాకా తోడు వెళ్లింది. సద్దుల బతుకమ్మ నాటికి ఒక్కతే వాకిట్లోకి వచ్చి, గునుగుపూల రాశి పక్కన కూర్చుని, మా చేతుల్లో రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు పెట్టింది.

ఇప్పుడా ఇల్లు లేదు. మా వాడలో చేమగ్గం ఒక్కటీ మిగల్లేదు, నూలు పేనే చేతులూ లేవు. తాత అబద్ధం నాయనమ్మకు ఎన్నడైనా తెలిసిందా అని నిన్న అమ్మను అడిగాను.

"అత్తకు ఎరుక లేకేంది బిడ్డ" అని నవ్వింది అమ్మ. "కండ్లు మసక అన్న గా దినం గూడ సూదిల దారం మామతోనే ఎక్కిచ్చుకున్నది."