పంపుహౌస్ పిన్ని, పాత లాప్‌టాప్

మా పిన్ని ఏ వస్తువూ చచ్చిందని ఒప్పుకోదు. పిడి ఊడిన గొడుగు, మూత పోయిన ఫ్లాస్కు, కాలేజీలో వాడి నేను పక్కన పడేసిన లాప్‌టాప్, అన్నీ ఆవిడ అలమారలోనే. ఆ లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో పోయింది, ప్లగ్గు పీకితే తెర నల్లబడుతుంది, అవతల పారెయ్యమని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా వినదు. దానికి వెనకాల ఉన్న సీరియల్ సాకెట్, అదే పాతకాలం కంప్యూటర్లకు కేబుల్ తగిలించేది, ఇప్పటివాటికి ఎక్కడుందని నామీదే ఎగురుతుంది.

పిన్ని, బాబాయి ఇద్దరూ ఊరికి నీళ్ళు పంపే పంపుహౌస్‌లో పనిచేశారు. ఆవిడ ఆపరేటరు. ఏ మోటారు ఎప్పుడు తిరగాలో చెప్పే కంప్యూటరు బాబాయి చేతి పని. బీరువా అంత ఉండేది గానీ దానికి తెర లేదు. దాంతో మాట్లాడాలంటే కేబుల్‌తో ఇంకో కంప్యూటరు తగిలించి, దాని తెర మీద చూసుకోవాలి.

ఇంట్లో చెప్పకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయే పాడలవాటు బాబాయిది. పిన్ని ఎంత సాధించినా మారలేదు. చివరికి, కంప్యూటరును ఆపినప్పుడల్లా అదే తన తరఫున చెప్పి ఆగేట్టు ఒక మాట పెట్టి, తెగ నవ్వాడట. ఒకరోజు ఎప్పట్లాగే చెప్పకుండా డ్యూటీకి వెళ్ళాడు, అక్కడే గుండె ఆగింది. ఆ తర్వాత కంప్యూటరును ఎవరూ ఆపలేదు. ఆపితే ఊరికి నీళ్ళుండవు మరి.

మొన్న కొత్తది వచ్చింది. పాతదాన్ని ప్లగ్గు పీకి తుక్కు లారీ ఎక్కిస్తారని తెలిసి, రిటైరైన పిన్ని లాప్‌టాప్ చంకన పెట్టుకుని నా స్కూటరెక్కింది. బాబాయి పెట్టిన ఆ మాట ఒక్కసారి చూడాలట.

అక్కడి ఇంజనీరు మంచివాడే, లారీ వచ్చేదాకా సమయమిచ్చాడు. నేను కొత్తగా కొన్న కేబుల్ తగిలించాను. ఒక్క అక్షరం రాలేదు. పీకాను, పెట్టాను, లాప్‌టాప్‌ను నోటికొచ్చినట్టు తిట్టాను. బయట లారీ హారన్ మోగింది.

పిన్ని నా కేబుల్ చూసి నవ్వింది. "రెండూ ఒకే తీగ మీద మాట్లాడుతుంటే వినేదెవరే? కొత్త కాపురంలో మేమూ ఇంతే."

కంప్యూటరు వెనక చెయ్యి పెట్టి తడిమింది. బాబాయి తగిలించిన చోటే ఉంది, ఆయన తీగలు అటూ ఇటూ మార్చి అతికించుకున్న కేబుల్. ఒకరు మాట్లాడే తీగ ఇంకొకరు వినే తీగకు కలిపాడన్నమాట. అది పెట్టగానే తెర మీదికి అక్షరాలొచ్చాయి. ఆపమని పిన్నే టైపు చేసింది. లోపల ఫ్యాన్ మూలిగి ఆగిపోయింది. చివరి వరుసలో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "వెళ్ళొస్తానే."

"జాగ్రత్త," అంది పిన్ని, మెల్లగా.

కంప్యూటరును లారీలోకి మోసుకుపోయారు. లాప్‌టాప్ తెర మీద ఆ వరుస మాత్రం అలాగే ఉంది. ప్లగ్గు పీకితే అదీ పోతుంది. నాకు చెయ్యి రాలేదు. ఏడుపొచ్చింది.

పిన్ని తనే పీకేసింది. తీగ చుట్ట చుడుతూ అంది:

"చెప్పాడుగా. ఇక పద."