ప్రశ్నా నాదే, జవాబూ నాదే

ఇందులో చెప్పబోయే ప్రతి అక్షరమూ నిజం. మా ఇంటి మరమగ్గం మీద ఒట్టు. అది చాలదంటే నా కుడిచేతి చూపుడువేలు మీద ఒట్టు. ఎందుకంటే ఈ ఘోరమంతా చేసింది ఆ వేలే. నేను టైపు కొట్టేది దానితోనే, మిగతా తొమ్మిదీ తమాషా చూస్తూ కూర్చుంటాయి. ఒక మంత్రిని, ఒక ఎమ్మెల్యేని, ఒక తహసీల్దారుని ఒకే పూట, ఒకే వేలితో, రాష్ట్రమంతా టీవీలో చూస్తుండగా ఆగమాగం చేసిన మనిషి ఎలా ఉంటాడో మీకు తెలియకపోతే, తెలుసుకోండి. కొంచెం పొట్ట, కొంచెం బట్టతల, పైకి మాత్రం చాలా అమాయకంగా ఉంటాడు.

పదేళ్ల కిందటి మాట. మా ఊరు కరీంనగర్ నుంచి బస్సులో గంటన్నర. మాది నేతవాళ్ల వీధి. ఇంటికి రెండు మరమగ్గాలు, వీధి మొత్తానికి ఒకే ఒక్క బోరు. వీధి చివర వాగు, వాగు ఒడ్డున అద్దకం కార్ఖానా. కార్ఖానా వాళ్లు రంగునీళ్లు వాగులోకి వదిలితే, వాగు వాటిని భూమిలోకి దింపితే, భూమి వాటిని భద్రంగా మా బోరులోకి పంపేది. ఏ రంగు చీరలకు గిరాకీ ఉంటే మా వీధికి ఆ రంగు నీళ్లు. ఆ యేడు వంకాయ రంగు బాగా నడిచింది. దాంతో మా పంచెలు వంకాయ రంగు, మా అన్నం వంకాయ రంగు, చివరికి మా వీధి కోడి పెట్టిన గుడ్డు కూడా లేత వంకాయ రంగు. (ఒట్టేశాను, మధ్యలో అనుమానించకండి.) మా మరదల్ని చూసుకోవడానికి హుజూరాబాద్ నుంచి వచ్చిన పెళ్లివారు గ్లాసెడు నీళ్లు తాగి, "షర్బతు మంచిగనే ఉన్నది గని చక్కెర ఎయ్య మర్చినట్టున్నరు" అన్నారు. సంగతి తెలిశాక మళ్లీ కనపడలేదు.

తాగే నీళ్ల కోసం మైలు దూరాన బడి దగ్గరున్న నల్లాకు పోయేవాళ్లం. పోయేవాళ్లం అంటే ఆడవాళ్లు పోయేవాళ్లు, మేము బాధపడేవాళ్లం. నా భార్య సరోజకు రోజూ ఆరు బిందెలు. పక్కింటి కనకవ్వకు మోకాళ్ల నొప్పి కాబట్టి నాలుగే, కానీ ఆ నాలుగింటికీ ఆమెకు పట్టే టైములో మా సరోజ పన్నెండు మోయగలదు.

నేనా? తహసీల్ ఆఫీసులో అవుట్‌సోర్సింగ్ మీద కంప్యూటర్ ఆపరేటర్ని. ఆఫీసంతటికీ తెలుగు టైపు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. దాంతో కొంచెం పొగరుండేది. కొంచెం అంటే, నేనూ నా పొగరూ ఒక్కసారే దర్వాజలో పట్టేవాళ్లం కాదు.

ఒకరోజు కొత్తగా గెలిచిన ఎమ్మెల్యే రాజమల్లన్న మా వీధికి వచ్చాడు. లారీలు నడిపించిన మనిషి, మంచివాడు. గొంతు లారీ హారన్ లాంటిది. కనకవ్వ గ్లాసు పట్టుకొని ఎదురుపోయింది.

"ఎండలవడి వచ్చినవ్ బిడ్డా, జర నీళ్లు తాగు."

"ఇదేంది అవ్వా, ద్రాక్షరసమా?"

"మాకేడిది ద్రాక్షరసం? బోరు నీళ్లే. తాగు, ఏం గాదు. నల్లా బంద్ అయిననాడు మేం తాగి సచ్చినమా?"

రాజమల్లన్న గ్లాసును ఎండకు పట్టి చూశాడు. తాగలేదు, పారబోయలేదు. అట్లాగే పట్టుకొని నన్ను గోడ పక్కకు తీసుకుపోయాడు.

"తమ్మీ, దీని సంగతి అసెంబ్లీల అడుగుత. నేను మాట్లాడితే కిటికీలు ఊగుతై, అది ఫికర్ లేదు. గని కాగితం మీద ప్రశ్న వెట్టుడు నాకు రాదు. నీకు మంచిగ వస్తదట, నువ్వు రాసియ్యి. నీ పేరు బయటికి రానియ్య."

"ప్రశ్న రాసుడా అన్నా? నాకు ఎడమచేతి పని!"

ఆఫీసులో తెలిస్తే నా నౌకరీ ఊడుతుంది. అయినా రాశాను. సభలో ప్రశ్నకు ఒక పద్ధతి ఉంది. ముందు (అ): ఫలానా వీధిలో బోరు నీళ్లు రంగు మారుతున్న మాట వాస్తవమేనా? తర్వాత (ఆ): అయితే ప్రభుత్వం ఏం చర్యలు తీసుకున్నది? మంత్రి జవాబు చదివాక, సభ్యుడు లేచి దాని మీద ఇంకొన్ని ప్రశ్నలు అప్పటికప్పుడు అడగొచ్చు. వాటిని అనుబంధ ప్రశ్నలంటారు. అవి కూడా నాలుగు, వరస తప్పకుండా, వేరే కాగితం మీద రాసిచ్చాను. మొదటిది బట్టల మీద, రెండోది వాగులో చేపల మీద, మూడోది కనకవ్వ మీద. నాలుగో దానికి మాటలు అక్కర్లేదు. సంచిలోంచి బోరు నీళ్ల సీసా తీసి, సభకంతా చూపించాలి. అంతే, ప్రభుత్వం గడగడ వణకాలి.

మూడు వారాలు గడిచాయి. మా తహసీల్దార్ విఠల్‌రావు సార్ కేక వేశాడు. సార్‌ది మహారాష్ట్ర సరిహద్దున ఉన్న భైంసా. కోపమొస్తే మరాఠీ, భయమేస్తే ఉర్దూ మాట్లాడతాడు. ఆ రోజు రెండూ వినపడ్డాయి.

"కాయ్ ఝాలా, ఏమైందో చూడు సత్తయ్యా! అసెంబ్లీ ప్రశ్న వచ్చింది. కలెక్టరాఫీసు నుంచి మన నెత్తిన వడ్డది. నాలుగింటి లోపల జవాబు పోవాలె. ఎవడో పనిలేనోడు బోరు నీళ్ల మీద వెట్టిండు."

కాగితం చూశాను. నేను పెట్టిన కామాలన్నీ వరసగా నిలబడి నాకు నమస్కారం పెట్టాయి.

"ఎవలో గని మంచిగ రాసిండు సార్," అన్నాను, నోరాగక.

"వాని చేతులు ఇరగ! నువ్వు జవాబు కొట్టు. (అ) లేదు. (ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు."

ఈ 'ఉత్పన్నం కాదు' అన్నది సర్కారు కనిపెట్టిన గొప్ప గొడుగు. మొదటి దానికి లేదు అన్నారంటే రెండోది పుట్టనే లేదన్నమాట. దాని కింద నిలబడితే ఎంత వానకూ తడవరు.

"గని సార్, మా వీధిల నీళ్లు నిజంగనే..."

"అవునంటే, ఇన్ని దినాలు ఏం జేసినవ్ అని అడుగుతరు. ఏం జేసినం?"

"ఏం జెయ్యలే సార్."

"గందుకే లేదు అని కొట్టు. ఇంకోటి, ఆ ఎమ్మెల్యే లేచి మల్ల ఏమేమి అడుగుతడో జర ఊహించి, వాటికి గూడ జవాబులు రాసి జోడియ్యి. మంత్రి దగ్గర పెట్టుకుంటడు."

ఇక్కడ మీలాంటి తెలివిగల మనిషైతే ఏం చేస్తాడు? నాలుగు చచ్చు ప్రశ్నలు ఊహించి, నాలుగు చచ్చు జవాబులు రాసి, చాయ్ తాగడానికి పోతాడు. నేను మొదట అదే చేయబోయాను. కానీ సార్ నా వెనకే నిలబడి తెర మీదికి చూస్తూ, "గిదేంది? గింతేనా నీ తెలివి? ఉట్టిగనే పేరు వచ్చిందా నీకు?" అన్నాడు. అంతే. నా పొగరు మీద పెట్రోలు పడింది. నాలుగు అసలు ప్రశ్నలూ, అదే వరసలో, అట్లాగే దించేశాను. ఒక్కోదానికి నోరు మూయించే జవాబు రాశాను. సార్ ప్రతి జవాబుకూ "వాహ్!" అన్నాడు. ప్రతి వాహ్‌కూ నా వేలు ఇంకొంచెం లేచింది. ఏ మంత్రి మాత్రం ఇంత నోట్ చదువుతాడులే అని ఒక ధైర్యం.

ఇంటికి పోయి సరోజతో గొప్పగా చెప్పాను. ఆమె బిందె దించకుండానే వింది.

"ప్రశ్నలు నువ్వే రాసినవా?"

"నేనే."

"జవాబులు గూడ నువ్వే రాసినవా?"

"నేనే. ఎవలు గెలిచినా నేనే గెలిచినట్టు, చూసినవా?"

"మరి ఓడేది?"

నేను చూపుడువేలితో బట్టతల గోక్కున్నాను.

"ఓడేది నా నడుము," అని బిందె దించి లోపలికి పోయింది.

అప్పుడు నాకు తెలివి వచ్చింది. రాజమల్లన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, ఆ నాలుగు ప్రశ్నలు మార్చుదామా?"

"మార్చుడా? ఇరవై దినాలసంది బట్టీ వడుతున్న. నిద్రల గూడ అవే వస్తున్నై. మా ఇంటామె మూడోదాన్ని నాకంటె మంచిగ చెప్తున్నది. ఇప్పుడు మారిస్తే నా నాలుక మడతవడ్తది తమ్మీ. నువ్వు పరేషాన్ గాకు, సీసా గూడ నింపి పెట్టుకున్న!"

ఆ పొద్దు వచ్చింది. ఆఫీసు టీవీ ముందు సార్ కుర్చీలో, నేను ఆయన వెనక. వీధిలో అందరూ మగ్గాలు బంద్ పెట్టి కనకవ్వ ఇంట్లో టీవీ ముందు కూర్చున్నారని సరోజ ఫోన్‌లో చెప్పింది.

మంత్రిగారు లేచారు. "(అ) లేదు అధ్యక్షా. (ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు."

రాజమల్లన్న లేచాడు. మైకు ఒకసారి కీచుమంది. "అధ్యక్షా! ఆ బోరు నీళ్లతోని తెల్లబట్ట ఉతికితే రంగు పడుతుందా లేదా?"

మంత్రిగారు నోట్‌లోకి చూశారు. మా కర్మ, ఆ మంత్రి చదివే మంత్రి! వేలు పెట్టి మరీ చదివారు. "అది నూలు నాణ్యతలో లోపం కావచ్చు అధ్యక్షా."

బల్లలు చరిచారు. మా సార్ తొడ చరిచాడు. "వాగుల చేపలు ఎందుకు కనవడ్త లేవు అధ్యక్షా?" అన్నాడు రాజమల్లన్న, ఈసారి కొంచెం చిన్న గొంతుతో.

"చేపలు ఎగువకు వలస పోయినట్టు స్థానికంగా తెలిసింది."

మళ్లీ బల్లలు. ఇంత వేగంగా జవాబులు వస్తాయని రాజమల్లన్న అనుకోలేదు. నోరు తెరిచేసరికి ఇరవై రోజుల బట్టీ ఎగిరిపోయింది. గటగట నీళ్లు తాగాడు. మంత్రిగారికి మాత్రం కాగితం ముందుకు నడుస్తూనే ఉంది.

"ఇక కనకవ్వగారు మైలు దూరం నడిచి నీళ్లు తెచ్చుకోవడం ఆమె వ్యక్తిగత అలవాటు అధ్యక్షా."

స్పీకర్ కళ్లద్దాలు తీశారు. "కనకవ్వ ఎవరు?"

"అదే నేను అడుగుతున్న అధ్యక్షా!" రాజమల్లన్నకు గొంతు తిరిగొచ్చింది. "కనకవ్వ ముచ్చట నేను ఇంక ఎత్తనే లేదు!"

మంత్రిగారు తొట్రుపడి కంగారులో పేజీ తిప్పారు. తిప్పకుండా ఉండాల్సింది. "సభ్యులు చూపిస్తున్న ఆ సీసాలోని నీళ్లు ఆ బోరువే అనడానికి ఆధారం లేదు."

రాజమల్లన్న తన ఖాళీ చేతులు రెండూ పైకెత్తి చూపించాడు.

"అధ్యక్షా, సీసా ఇంక సంచిలనే ఉన్నది!"

ఇటువైపు వాళ్లు నవ్వారు, అటువైపు వాళ్లు నవ్వారు, రాసుకునేవాళ్లు పెన్నులు పడేసి నవ్వారు. స్పీకర్ ఒక్కరే నవ్వు ఆపుకొని అడిగారు. "సీసా తెచ్చారా?"

"తెచ్చిన అధ్యక్షా."

"సభలో వస్తువులు చూపించకూడదు. కానీ మంత్రిగారు ఇప్పటికే చూసేశారు కాబట్టి సభ కూడా చూడవచ్చు. తీయండి."

తీశాడు. వంకాయ రంగు సీసా లైట్ల కింద ధగధగ మెరిసింది. మంత్రిగారు దాన్నీ, తన కాగితాన్నీ మార్చి మార్చి చూసి, "నేనే స్వయంగా వచ్చి చూస్తాను అధ్యక్షా" అని కూర్చున్నారు.

ఇక్కడ మా ఆఫీసులో సార్ మెల్లగా నా వైపు తిరిగాడు.

"సత్తయ్యా, కనకవ్వ ఎవలు?"

"మా పక్కింటామె సార్."

"గామె నీ నోట్‌లకు ఎట్లొచ్చింది?"

"ఊహించి రాయమన్నరు కద సార్."

"సీసా?"

"అది గూడ ఊహనే సార్."

"గింత ఊహ ఉన్నోనివి గీ ఆఫీసుల ఎందుకున్నవ్ రా బాబా! పోయి జ్యోతిషం చెప్పుకోరాదు?" ఆ తర్వాత మరాఠీ వచ్చింది, ఉర్దూ వచ్చింది, నేను వినని ఇంకేదో భాష కూడా వచ్చింది. చివరికి తెలుగులోకి దిగి, "నీ పేరు బయటవెడితే నా పేరు గూడ వస్తది. నోరు మూసుకో. కీబోర్డు ముట్టినవో, వేలు ఇరుస్త" అన్నాడు. ఆరు నెలలు నాకు ముద్రలు వేసే పని ఇచ్చాడు.

మంత్రిగారు మాట తప్పలేదు. నాలుగో రోజే పది కార్లతో మా వీధికి వచ్చారు. కనకవ్వ గ్లాసు ఇచ్చింది. ఆయన రాజమల్లన్నలా ఎండకు పట్టి చూడలేదు, గటగట తాగేశారు. నోరు తెరిస్తే నాలుక వంకాయ రంగు! ఆ నాలుకతోనే అక్కడికక్కడ కార్ఖానాకు హుకుం ఇచ్చారు. నెల తిరక్కుండా నీళ్లు అద్దంలా తేటపడ్డాయి. సరోజ బిందెలన్నీ అటక మీద పెట్టేసింది.

అందువల్ల, పెద్దలారా, చిన్నలారా, ఈ చూపుడువేలు పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇక బతికినన్ని రోజులు నేను ప్రశ్న రాస్తే జవాబు రాయను, జవాబు రాస్తే ప్రశ్న రాయను. ఎవరైనా వెనక నిలబడి వాహ్ అంటే వెంటనే కంప్యూటర్ ఆపేస్తాను.

ఇక ఒప్పుకోవాల్సింది ఒకటుంది. పైన చెప్పినదంతా నిజమే, మంత్రిగారు మా వీధికి రావడం తప్ప. ఆయన రాలేదు. ఇద్దరు ఇంజనీర్లు వచ్చారు. వాళ్లు నీళ్లు తాగలేదు, సీసాలో పట్టుకుపోయారు. కార్ఖానా వాళ్లు నీళ్లు శుద్ధి చేసే తొట్టి కట్టారు, అది ఎవరైనా చూడ్డానికి వచ్చిన రోజు బాగా నడుస్తుంది. తేటపడ్డాయన్నది కూడా కొంచెం ఎక్కువే చెప్పాను. ఇప్పుడు మా నీళ్లు ఉల్లిపొర రంగు. ఎండకు పట్టి చూస్తే తప్ప తెలియదు. కనకవ్వ మాత్రం రోజూ ఎండకు పట్టి చూస్తుంది.