బావ చెప్పిన ప్రాసెసరు

మొన్న పొద్దున పాకాల నుంచి మా బావ ఫోన్ చేసి, "కొట్లోకి కొత్త కంప్యూటరు తీసుకోవాలబ్బా, ఏ ప్రాసెసరు మంచిదో నువ్వే సెప్పు" అన్నాడు. ఒకప్పుడు అడిగేవాణ్ణి నేను, చెప్పేవాడు ఆయన. చెప్పింది విని చెడిపోయినవాణ్ణి కూడా నేనే. ఆ చెడిపోవడంలో ఆయన తప్పు పావలా, నా తెలివితక్కువతనం ముప్పావలా అని ముందే ఒప్పుకుంటే, మిగిలింది ధైర్యంగా చెప్పుకోవచ్చు.

రెండువేల సంవత్సరం దాటిన ఏడెనిమిదేళ్లకు నేను తిరుపతిలో ఒక ప్రైవేటు ఆఫీసులో కంప్యూటర్ల పని చూసేవాణ్ణి. చూసేవాణ్ణంటే నిజంగా చూసేవాణ్ణే, ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు. ప్రింటరులో ఇరుక్కున్న కాగితం లాగడం, మౌసు బంతికి పట్టిన మురికి గోకడం నా వంతు. సర్వరు గది తాళంచెవి ఇన్‌చార్జిగారి మొలతాడుకి వేలాడుతూ ఉండేది. లోపల ఏసీ, బయట నేను. ఆ పని నాకూ నేర్పమని ఒకసారి అడిగితే, "సర్వరంటే మీ నగరి మగ్గమనుకుంటివా, పోగు తెగితే ముడేసేదానికి?" అని నలుగురిలో నవ్వాడు. మాది ఆ ఊరే, మేం మగ్గాలవాళ్లమే. కాబట్టి ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. ఆ గది నాకు తెరవకపోతే నా ఇంట్లోనే ఒక గది కట్టుకుంటానని ఆ సాయంత్రమే అనుకున్నాను. అప్పటికే ఒక కంప్యూటరు కడుపులో నాలుగు కంప్యూటర్లను నడిపే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. మంచి పెట్టె ఒకటి కూర్చుకుంటే చాలు, దాంట్లోనే నాలుగు సర్వర్లు పెట్టుకుని, పాడుచేసుకుని, బాగుచేసుకుని పని నేర్చుకోవచ్చు. లేకపోతే జీవితమంతా కాగితాలు లాగుతూ ఉండాల్సిందే. దానికి కావలసింది బోలెడంత మెమరీ, వర్చువలైజేషన్ అంటారే, ఆ సౌకర్యం ఉన్న ప్రాసెసరు. పేరున్న కంపెనీవాళ్ల చవక ప్రాసెసర్లలో చాలావాటికి ఆ సౌకర్యం ఉండదని నెట్ సెంటర్లో కూర్చుని చదివాను కూడా.

కానీ మా ఇంట్లో మగ్గం మోటారైనా, టీవీ అయినా పెద్దల్లుణ్ణి, అంటే మా అక్క మొగుణ్ణి అడక్కుండా కొనే ఆచారం లేదు. పాకాలలో ఎరువుల కొట్టు నడిపే బావకు మద్రాసు సందులన్నీ తెలుసు. నాయన ఆయనకు కాఫీ ఇప్పించి సంగతి ముందు పెట్టాడు. "పేరున్న కంపెనీదే తీసుకోవాల. గిగాహెర్ట్జులు ఎక్కువుండాల. మగ్గం మోటారు మాదిరే, తిరిగేకొద్దీ పని" అన్నాడు బావ. నేను నోరు తెరవబోయాను. "అల్లుడు సెప్పినాక ఇంగ మాటేముండాది" అన్నాడు నాయన. తెరిచిన నోటితోనే సరేనన్నాను. అప్పటికి కంప్యూటరు కన్నా ముందు నా బుద్ధే వర్చువల్ అయింది, ఉన్నట్టు కనిపించేదే గాని లేదు. మద్రాసులో బావ అద్దాల పక్కతో, నీలం లైట్లతో మెరిసే క్యాబినెట్టు కూడా ఎంచాడు. దాంతోపాటు పవర్ సప్లై ఊరికే ఇచ్చారు. ఇంటికి తెచ్చాక అక్క కర్పూరం వెలిగించింది. నాయన ఆ లైట్లను తిరునాళ్ల రథాన్ని చూసినట్టు చూశాడు. మరునాడు మొదటి సర్వరు పెట్టబోతే తెరమీద ఒక్క వాక్యం వచ్చింది. ఈ ప్రాసెసరుకు ఆ సౌకర్యం లేదు. అంతే. ఫోనులో చెప్పుకుంటే బావ, "ఒగ పంచెలో నలుగురు దూరినట్ల ఇదేం పనప్పా. సినిమాలు సూసుకో, బొమ్మ బాగుంటాది" అన్నాడు.

తర్వాతి ఆదివారం అందరం భోజనానికి కూర్చున్నప్పుడు చెప్పేశాను. "బావా, ఇది నా పనికి రాదు. నీ కొట్లో బిల్లులకు బాగుంటాది. లైట్లతో సహా నువ్వే తీసుకో." అక్క గరిటె గాల్లో ఆగింది. "అల్లుణ్ణి కాదంటావా?" అన్నాడు నాయన. "కాదనలేదు నాయనా. నా పనికి ఏం కావాల్నో నేనే సూసుకుంటానంటాండా" అన్నాను. ఆ తర్వాత కొన్నాళ్లు అక్క పుట్టింటికి వచ్చినప్పుడల్లా నాకు వడ్డించేటప్పుడు నెయ్యి మరిచిపోయేది. ఆ నెయ్యిలేని రోజుల్లోనే ఒక్కణ్ణే బస్సులో మద్రాసు వెళ్లాను. గిగాహెర్ట్జులు తక్కువున్నా సౌకర్యమున్న రెండో కంపెనీ ప్రాసెసరు, దానికి సరిపోయే బోర్డు, దాని స్లాట్లన్నీ నిండేంత మెమరీ, విడిగా బరువైన పవర్ సప్లై, అన్నీ పెట్టుకోవడానికి ఒక మొద్దు రేకు డబ్బా కొన్నాను. బావ వచ్చి చూసి, "ఇదేందప్పా, కిరసనాయిలు డబ్బాకి కరెంటు పెట్టినావు" అన్నాడు. డబ్బాను మంచం కిందికి తోశాను. అక్కడే అది నాలుగు సర్వర్లను మోసింది. పాడుచేయడంలో నాకున్న ప్రతిభ మొత్తం వాటి మీద చూపించి, తిరిగి నిలబెట్టడం నేర్చుకున్నాను. ఇన్‌చార్జిగారు వేరే ఉద్యోగానికి వెళ్లిపోయిన నెలలో ఆఫీసు సర్వరు మొరాయించింది. మంచం కింద ఎన్నోసార్లు చేసినదాన్నే అక్కడ నిలబడి చేశాను. తాళంచెవి నా చేతికొచ్చింది. దాన్ని నేను మొలకు కట్టుకోలేదు, అందరికీ అందేలా మేకుకు తగిలించాను.

ఇక బావ సంగతి. ఆయన కొట్లో మెరుస్తున్న ఆ కంప్యూటరును ఒక ఆదివారం సాధన కోసం మొత్తానికి మొత్తంగా నకలు తీసి నా డబ్బాలో పెట్టుకున్నాను. దానికి 'బావ' అని పేరు పెట్టి, అందరికన్నా తక్కువ మెమరీ కేటాయించాను. నాకు తోచినప్పుడు లేపేవాణ్ణి, తోచినప్పుడు ఉన్నదున్నట్టు ఆపి పడుకోబెట్టేవాణ్ణి. ఆ వారంలోనే పాకాలలో ఉరుములతో వాన పడింది. ఊరికే వచ్చిన పవర్ సప్లై పేలిపోతూ హార్డ్‌డిస్కును కూడా వెంట తీసుకుపోయింది. మర్నాడు బావ రైల్లో వచ్చి మంచం మీద కూర్చున్నాడు. కొట్టు సరుకు వివరాలన్నీ ఆ పోయిన డిస్కులోనే ఉన్నాయి. నేను ఆయన కాళ్లకింద నుంచి డబ్బా లాగి, ఒక్క నొక్కు నొక్కాను. తెరమీద చిన్న కిటికీలో ఆయన కొట్టు తెరుచుకుంది. పైన ఉన్న పేరు చదివాడు.

"ఈ డబ్బాలో నన్ను పెట్టినావా?"

"పెట్టినా బావా. ఇంగా నలుగురుండారు, సర్దుకోవాల."

మౌసు అటూ ఇటూ కదిపి చూసి, "ఎందుకబ్బా ఇంత నిదానంగా ఉండాను?" అన్నాడు.

"గిగాహెర్ట్జులు తక్కువ కదా బావా" అన్నాను. మెమరీ కోసిపెట్టింది నేనేనని ఈనాటికీ చెప్పలేదు. ఆయన సరుకు వివరాలన్నీ తీసి ఇచ్చాక, ఆ సాయంత్రం 'బావ'ను పడుకోబెట్టాను.

మొన్న ఫోనులో మాత్రం మంచి ప్రాసెసరే చెప్పాను, పవర్ సప్లై విడిగా కొనమని కూడా చెప్పాను. ఫోను పెట్టేశాక ఎందుకో 'బావ'ను వెతికాను. డబ్బాలు మారుతూ వచ్చినా అది నా వెంటే వచ్చింది. లేపితే, తెర మూలనున్న గడియారం కాసేపు ఆ పాత సాయంత్రాన్నే చూపించి, తర్వాత ఉలిక్కిపడ్డట్టు మొన్నటి పొద్దుకు గెంతింది. మా ఇద్దరి నెత్తినీ ఒక్కొక్క వెంట్రుకగా నెరిపించిన ఏళ్లను అది ఒక్క రెప్పపాటులో దాటేసింది.