వేదికకు వీపు పెట్టిన బాబాయి

పొద్దున్నే నేను దేవుడికి దణ్ణం పెట్టుకుని కళ్లు తెరిచేసరికి గుమ్మంలో మా బాబాయి నిలబడి ఉండేవాడు. చేతిలో పాత డైరీ, ముక్కు చివర కళ్లజోడు. ముందు రోజు సాయంత్రం నా నాటకానికి వచ్చినవాళ్లలో ఎవరు ఎప్పుడు ఆవలించారో, ఎవరు ఎన్నిసార్లు గడియారం చూసుకున్నారో చదివి వినిపిస్తేగాని ఆయనకు కాఫీ గొంతు దిగేది కాదు. అది విన్నాక నాకు దిగేది కాదు.

ఆయనలో ఉన్న విచిత్రం ఒక్కటే. నాటకానికి వస్తాడు, నాటకం చూడడు. వేదిక కింద స్టూలు వేసుకుని, వేదికకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి కూర్చుంటాడు. తెర లేచిన దగ్గర్నుంచి పడేదాకా అంతే. నటులు ఆయనకు 'వీపు బాబాయి' అని పేరు పెట్టుకున్నారు. పాపం, వాళ్లకు ఆయనలో కనిపించేది అదొక్కటే.

"ఇదేం చోద్యం బాబాయ్? నాటకం అటుంది," అన్నాను మొదటిరోజు.

"ముప్ఫై రెండేళ్లు బస్సు కండక్టరుగా చేశాను. ఒక్కరోజైనా రోడ్డు చూశానా? రోడ్డు సంగతి డ్రైవరు చూసుకుంటాడు. జనాన్ని చూసుకోడానికి ఒకడుండాలి కదరా!"

స్టూలు సంగతి ఆయన ఇష్టానికే వదిలేశాను.

ఇక నాటకం సంగతి. ఒక రాక్ బ్యాండు స్టూడియోలో పాట రికార్డు చేయబోయి, పోట్లాడుకుని, విడిపోబోయి, చివరికి పాట పూర్తి చేస్తుంది. ఇంతే కథ. ఇది రాయడానికి నాకున్న అర్హత ఏమిటంటారా? ఊరి బడిలో చదివే రోజుల్లో గంట కొట్టే పని నాదే. నేను వాయించిన వాద్యం అదొక్కటే. తర్వాత ఎన్నో ఏళ్లకు మా ఇంటి పైవాటాలో ఒక రాక్ బ్యాండు రెండేళ్లు అద్దెకుంది. ఆ సంగీతం గురించి నాకు తెలిసిందంతా కప్పు సున్నంతోపాటు నా నెత్తిన రాలిందే. కాని చాలా మంచి పిల్లలు. ఖాళీ చేసి వెళ్లేముందు, "మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టాం అంకుల్," అని చెప్పి, ఆప్యాయంగా తమ రికార్డింగుకు తీసుకెళ్లారు.

అక్కడ చూశాను, గాజు గోడ. అవతల నలుగురూ చేతులూపుకుంటూ పోట్లాడుకుంటున్నారు. ఇవతల మీట నొక్కితేగాని ఒక్క ముక్క వినపడదు. నాకు ఒళ్లు జలదరించింది. మనిషి మొర సాటిమనిషికి చేరకపోవడమంటే ఇదే కదా భగవంతుడా అనుకున్నాను. ఇంటికొచ్చి నాటకం రాసేశాను. రెండో అంకంలో అయిదు నిమిషాలపాటు నటులు గాజు వెనక పోట్లాడుకుంటారు, జనానికి ఏమీ వినపడదు. రాతప్రతిలో ఆ చోట "పోట్లాడుకుందురు. వినపడదు" అని రాసి, కింద గీత గీశాను. అంత తక్కువ కష్టపడి అంత గొప్ప రంగం ఎవరూ రాసి ఉండరని నా నమ్మకం.

మొదటి ప్రదర్శనలో గాజు వెనక పోట్లాట మొదలైంది. అర నిమిషం గడిచిందో లేదో, "మైకు! మైకు!" అని హాలంతా కేకలు. అయిదో వరుసలోంచి ఒక ఎలక్ట్రీషియన్ జేబులోంచి టెస్టరు తీసి తిన్నగా వేదికెక్కాడు. ప్లగ్గులన్నీ వరసగా పరీక్షించాడు. "కరెంటు బాగానే వస్తోందండీ. లోపం మీ మనుషుల్లోనే ఉంది," అని జనానికి చెప్పి దిగిపోయాడు. ఆ రోజు మోగిన చప్పట్లన్నీ ఆయనవే.

మర్నాడు పొద్దున్న బాబాయి డైరీ తెరిచాడు.

"'మైకు' అన్నవాళ్లు నలభై ఒక్కరు. 'సౌండు' అన్నవాళ్లు పదిహేను. ఒకాయన 'దేవుడా' అన్నాడు."

"భక్తితోనా బాబాయ్?"

"కాదు. ఇక ఆవలింతల సంగతి. ఒక ఆవలింత మూడో వరుసలో పుట్టింది. పక్కవాడికి అంటుకుంది. అలా అలా తొమ్మిదో వరుసదాకా పోయింది. అక్కడ ఒకావిడ, మహాతల్లి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆపింది కాబట్టి సరిపోయింది."

మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి వినేది. నా నాటకం కంటే ఆవిడకు ఈ సమీక్షే ఎక్కువ ఇష్టం. "మామయ్యగారూ, మొన్న నిద్రపోయినాయన మళ్లీ వచ్చాడా?" అని అడిగింది రెండోవారంలో.

"వచ్చాడమ్మా. ఈసారి దిండు తెచ్చుకున్నాడు."

"చూశారా, ఎంత నమ్మకమో మీ నాటకం మీద!" అంది నా వైపు తిరిగి.

ఆ రోజుల్లోనే బాబాయి స్టూలును ఒక మూలకు, బయటికి వెళ్లే దారి చూపే దీపం కిందికి జరిపించుకున్నాడు. డైరీ రాసుకోడానికి వెలుగు చాలడం లేదన్నాడు. నేను వేదిక పక్కన తెరచాటున నిలబడి చూస్తూ ఉండేవాణ్ణి. నాటకం నడుస్తున్నంతసేపూ ఆయన పెదవులు కదులుతూనే ఉండేవి. జపం చేసుకుంటున్నాడనుకున్నాను. నా రాక్ బ్యాండు ఒక మనిషిని దైవచింతనలోకి దింపిందని లోలోపల పొంగిపోయాను కూడా.

ఇలా ఉండగా ఒక పొద్దున్న బాబాయి, "ఒక్కరు మాత్రం నవ్వారురా," అన్నాడు. "గాజు రంగంలోనే. మొదటి వరుస చివరి సీటు. గడియారాలు బాగుచేసే ఆవిడ. ఇప్పటికి ఆరుసార్లు వచ్చింది. ఆరుసార్లూ అక్కడే కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది."

నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. రెండు వందలమంది అజ్ఞానుల మధ్య ఒక్క రసజ్ఞురాలు! మనిషి నిస్సహాయతలోని హాస్యాన్ని పట్టుకుంది! ఆ పూట దేవుడికి రెండుసార్లు దణ్ణం పెట్టాను.

దేవుడు మాత్రం హాలు మేనేజరును పంపాడు. "అయ్యా, జనం రోజూ కేకలేస్తున్నారు. ఆ చప్పుడు లేని రంగం ఆదివారంలోగా తీసేయండి. లేకపోతే సోమవారం నుంచి హాలు మ్యాజిక్ షో వాళ్లకిచ్చేస్తాను," అన్నాడు.

"తీసేద్దాం గురువుగారూ," అన్నాడు మా దర్శకుడు. ఆ పిల్లవాడు కష్టపడి పైకొస్తున్నవాడు, ఇదే అతని మొదటి పెద్ద నాటకం. "నాటకం బతుకుతుంది."

"ప్రాణం తీసేసి బతికిస్తావా నాయనా? అర్థం చేసుకునేవాళ్లు ఒకరున్నారు. ఆవిడ నోటితోనే చెప్పిస్తాను," అన్నాను. అన్నాక ఛాతీ కాస్త ముందుకొచ్చింది.

శనివారం నాటకం మొదలవడానికి అరగంట ముందు, బాబాయిని వెంటబెట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఆలోచనాపరుడిలా గడ్డం కింద చెయ్యి, మూతి మీద వేళ్లు పెట్టుకుని, మనిషి ఏకాకితనం గురించి మొదలుపెట్టాను. రెండు నిమిషాలు మాట్లాడాను. ఆవిడ నా మొహంకేసి శ్రద్ధగా చూసింది.

"చెయ్యి తీస్తారా అండీ?" అంది, గొంతు కాస్త హెచ్చుగా. "మీ మాట కనబడట్లేదు."

నేను చెయ్యి తీశాను. అప్పుడు తెలిసింది, ఆవిడకు వినపడదు. చిన్నప్పటి నుంచీ పెదవులు చూసి మాటలు పట్టుకుంటుంది. గడియారం ఆడుతోందో లేదో కూడా వేలికొసతో తాకి చెబుతుందట.

"గాజు రంగంలో మీరు నవ్వుతారట కదమ్మా..."

ఆవిడకు అప్పుడే నవ్వొచ్చేసింది. "నవ్వక ఏం చెయ్యనండీ! ఆ గిటారు అబ్బాయి రోజూ మిమ్మల్నే కదా తిట్టేది!"

"నన్నా?"

"'ఈ నాటకం రాసినాయన చెవి దగ్గర డ్రమ్ము పెట్టి కొట్టాలి' అంటాడు. ఆ డ్రమ్ము అబ్బాయేమో, 'వద్దురా బాబూ, చెవి బాగుపడితే ఇంకో అంకం రాస్తాడు' అంటాడు. పాట పాడే అమ్మాయి మధ్యలో సబ్బులూ, అగ్గిపెట్టెలూ, ఇంటికి కావలసినవన్నీ అప్పజెప్పుకుంటూ ఉంటుంది. నిన్నయితే ఆ ముగ్గురూ మీ నడక గురించి మాట్లాడుకున్నారు."

నా నడక ఎలా ఉంటుందో ఆవిడ చెప్పబోయింది. నేనే వద్దన్నాను.

బాబాయిని పక్కకు లాక్కొచ్చి, వేదిక మెట్ల మీద కూలబడ్డాను. "నీకు తెలుసా బాబాయ్, ఆవిడకు వినపడదని?"

"మొదటిరోజే తెలిసింది. డ్రమ్ము మొదటి దెబ్బకు రెండు వందలమంది ఎగిరిపడ్డారు. ఒక్కావిడ రెప్పైనా వెయ్యలేదు. అటు చూస్తున్న మీలో ఒక్కడికి తెలిసిందా?"

"మరి నాటకం ఎలా అర్థమవుతుంది? మనవాళ్లు సగంసేపు అటు తిరిగే మాట్లాడతారే!"

బాబాయి డైరీ చంకలో సర్దుకున్నాడు. దొంగ దొరికిపోయినప్పటి మొహం పెట్టాడు. "వాళ్లు అటు తిరిగినప్పుడు ఆ మాటలు నేను పెదవులతో అంటాను. ఎదురుగా దీపం కింద కూర్చుంటాను కదా, ఆవిడ నన్ను చూస్తుంది. నాలుగైదు రోజులకు నాటకం మొత్తం నోటికొచ్చేసింది. డ్రమ్ము మోగితే మోకాలి మీద దరువేస్తాను. సిగ్గేస్తుందిరా, కాని వేస్తాను."

నేను జపమనుకున్నది అది. భగవంతుడు కూడా దాన్ని జపం కిందే జమకట్టి ఉంటాడని నాకు అనిపించింది.

"గాజు రంగం వస్తే మాత్రం నాకేం తెలియదు," అన్నాడు బాబాయి. "వినపడదు, చూద్దామంటే వీపు అటుంది. అప్పుడు ఆవిడే నాకు పెదవులతో చెబుతుంది. హాలు మొత్తానికి తెలియంది ఆవిడ ఒక్కదానికే తెలుస్తుంది. ఆ అయిదు నిమిషాలూ ఆవిడ మొహం చూడాలిరా!"

నేను తలవంచుకున్నాను. "ఆ రంగం తీసేస్తాను బాబాయ్. నేను అక్కడ రాసింది ఏమీ లేదు. ఏమీ లేనిదాన్ని పట్టుకుని ఇన్నాళ్లూ ఊరేగాను. జనం కేకలెయ్యడంలో తప్పేముంది?"

"తీసెయ్యకు," అన్నాడు బాబాయి. ఆయన గొంతులో బతిమాలడం నేనెప్పుడూ వినలేదు. చిల్లర ఇమ్మని అడిగినా ఆజ్ఞాపించినట్టే అడిగే మనిషి. "జనం ఎందుకు అరుస్తున్నారో నేను చూస్తున్నాను కదా. ఆ పిల్లలు ఉత్తుత్తినే చేతులూపుతున్నారు, అందుకు. నిజంగా పోట్లాడితే వినపడకపోయినా ఒళ్లు చూసి జనానికి తెలిసిపోతుంది. నాకొక్క సాయం చెయ్యరా. ఇంతవరకు నిన్నేమీ అడగలేదు."

"చెప్పు బాబాయ్."

"రేపటిలోగా అక్కడ మాటలు రాయి. అసలైన పోట్లాట, అసలైన మాటలు. వినపడవు కదా అని చులకనగా రాయకు, అక్కడ ఒకరు వింటున్నారు." మెట్టు దిగి రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కొచ్చి చెవిలో అన్నాడు: "ఇంకొక్కటి. నీ మీద తిట్లు మాత్రం ఒకటో రెండో ఉండనియ్యరా."