పంటు మీద మూడు దెబ్బలు

దయ్యాల కథలు నేనెప్పుడూ నమ్మలేదు. నాకు ఇంట్లోనే చదువు చెప్పిన నాన్నగారు, దేవుడున్న చోట వాటికి చోటెక్కడిదమ్మా అనేవారు. అయినా ఈ సంగతి రాస్తున్నాను.

మా ఆయన కృష్ణలో పంటు నడుపుతారు. ట్రాక్టర్లు, మనుషులు, మిరప బస్తాలు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరేది దాని మీదే. ఇంజను దగ్గర బాబుల్, బెంగాల్ వాడు. ముందు గడ పట్టుకుని లోతు చూసేది జగ్గు, ఒడిశా వాడు. జగ్గు ఒడియాలో అరిస్తే బాబుల్ బెంగాలీలో జవాబిచ్చేవాడు, మా ఆయన తెలుగులో ఇద్దర్నీ తిట్టేవారు.

చివరికి మాటలు మానేసి దెబ్బలనే గుర్తులుగా పెట్టుకున్నారు. జగ్గు ఇనుప కమ్మీ మీద గడతో ఒకటి కొడితే ఆపాలి, రెండు కొడితే ముందుకు, మూడు కొడితే వెనక్కి. కొట్టాక గడను కమ్మీ వెంట గర్రున ఈడ్చేవాడు. లెక్క అయిపోయిందని గుర్తు.

ఆ మాఘమాసపు పొద్దున జగ్గు లేడు. తల్లికి బాగోలేదని ఊరెళ్ళాడు. మా పిన్నిని చూడడానికి నేను పంటెక్కాను. వెనక మిరపకోతకు వెళ్ళే ఆడవాళ్ళు కూర్చున్నారు. నేను ముందు, కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. గడ నా పక్కనే తాడుతో కట్టి ఉంది.

నది మధ్యకు వచ్చేసరికి పొగమంచు కమ్మేసింది. నా చెయ్యే నాకు కనపడలేదు. మనసులో రామనామం అనుకుంటున్నాను.

ఠంగ్, ఠంగ్, ఠంగ్. ఆ వెంటనే గర్రుమని ఈడ్పు. నా అరచేతి కింద కమ్మీ అదిరింది.

ఇంజను వెనక్కి తిరిగింది. పంటు ఊగి ఆగింది. మంచులోంచి, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో, దీపం లేకుండా లంగరేసిన ఇసుక పడవ ఒకటి బయటపడింది. గుద్దుకుని ఉంటే మాలో ఈత వచ్చినవాళ్ళెంతమంది?

బాబుల్ పరుగున మా ఆయన దగ్గరికి వచ్చాడు. "మూడు కొట్టినావ్ కదా దాదా, అందుకే వెనక్కి వేసినా."

"నేనెక్కడ కొట్టాన్రా? నా రెండు చేతులూ చుక్కాని మీదుంటే!" అన్నారు మా ఆయన.

ఇద్దరూ నా వైపు చూశారు. తాడు ముడి అలాగే ఉంది. గడ కదలను కూడా లేదు.

వెనక నుంచి ఒకామె అంది: "ఎవరు కొడితే ఏంటయ్యా, బతికాం గదా. ముందు ఒడ్డుకు పోనీ."

ఒడ్డున దిగగానే మా ఆయన జగ్గుకు ఫోన్ చేశారు. ఈయన నోరు తెరిచేలోపే వాడు తన వచ్చీరాని తెలుగులో అడిగాడు: "అన్నా, పంటు ఆగిందా?"

ఎందుకడిగావురా అంటే, "తెలీదన్నా. అమ్మకి గంజి తాగిస్తున్నా. అడగాలనిపించింది," అన్నాడు.

ఆ పూట అందరం ఇళ్ళకు చేరాం, స్వామి దయ. ఆ కమ్మీని కొట్టిందెవరో మాత్రం ఈ రోజుకీ నాకు తెలియదు.