పికప్ వెనుక అనురాధ వదిన గది

కొండల్ రావు అన్న మా మందుల ఫ్యాక్టరీలో భద్రత చూసే ఇంజనీరు. ఇంటికి తాళం వేశాక రెండు మూడుసార్లు లాగి చూసే రకం. ఈ పరాయి దేశంలో, పోర్ట్‌లీష్ అనే ఊళ్ళో, వాళ్ళింటి మేడ మీద గదిలో నేను అద్దెకుండేవాణ్ణి కాబట్టి ఆయన జాగ్రత్తలన్నీ నా నెత్తిన కూడా పడేవి. వంటింట్లో ప్రెస్, అంటే ఇక్కడి గోడ అలమర, తలుపు వేయడం మరిచినా క్లాసు పీకేవాడు.

ఆయన భార్య అనురాధ వదిన, దూరంగా ట్రాలీ అనే ఊళ్ళో ఆసుపత్రి నర్సు. వారానికోసారి ఇంటికొచ్చేది. 2020లో కొవిడ్ వార్డులో డ్యూటీ వేశాక అదీ మానేసింది. కూతురు వర్షిణికి ఆస్తమా. తన వల్ల పిల్లకేమైనా అవుతుందన్న భయంతో ట్రాలీలోనే ఒకావిడ ఇంట్లో అద్దె గదిలో ఉండిపోయింది.

ఆ ఇంటావిడ ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడి ఊరందరితో పాటు నర్సుల కోసం చప్పట్లు కొట్టింది. మర్నాడు పొద్దున్నే వదినను గది ఖాళీ చేయమంది. ఇంతకీ ఆ చప్పట్లు ఎవరికోసం కొట్టినట్టు? ఒళ్ళు మండిపోయింది.

అన్న మాత్రం ఎవర్నీ తిట్టలేదు. వదినతో పనిచేసే నర్సు వాళ్ళ నాన్న తన పొలంలో చోటిస్తానన్నాడని తెలిసి, చిన్న క్యారవాన్ ఒకటి కొన్నాడు. చక్రాల మీద ఒక మంచం, గ్యాసు పొయ్యి, సింకు, అంతే. దాన్ని లాగడానికి తన పాత పికప్‌ను సిద్ధం చేశాడు. బండి వెనుక ఇనుప కడ్డీ, దాని మీద క్యారవాన్ తగిలించే గుండు బిగించాం. క్యారవాన్ లైట్లకు కరెంటు అందే సాకెట్, పక్కలకు పొడవాటి అద్దాలు పెట్టాం. బిగించిన బోల్టులే మళ్ళీ బిగించాడు. ఖాళీ క్యారవాన్‌తో వీధులన్నీ తిప్పితే గొర్రెపిల్లలా వెంట వచ్చింది.

బయల్దేరే రోజు ఆయన అత్తగారు సీతాలక్ష్మి రంగంలోకి దిగింది. కూతురింటికి చుట్టపుచూపుగా వచ్చి, విమానాలు ఆగిపోయి ఇక్కడే ఇరుక్కున్న మనిషి. బియ్యం బస్తాలు, పప్పులు, ఆవకాయ జాడీ, చివరికి రాతి గ్రైండరు కూడా క్యారవాన్ వెనక చివరకు చేర్పించింది.

"ఇంత సామాను ఎందుకత్తమ్మా?" అన్నాడు అన్న.

"నా బిడ్డ గడ్డి తింటదా?" అని ఉరిమింది ఆవిడ.

అన్న కరిగిపోయాడు. తాళం లాగి చూసే మనిషి బరువు సంగతే మరిచిపోయాడు!

నేనూ తోడుగా అన్న పక్కన ఎక్కాను. లిమరిక్ ఊరి మీదుగా పోయే దారిలో పల్లం రాగానే క్యారవాన్ ఊగడం మొదలుపెట్టింది. అద్దంలో ఒకసారి ఎడమపక్క, ఒకసారి కుడిపక్క కనబడింది. దాంతో పాటు పికప్ తోక కూడా ఊగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అన్న బ్రేకు తొక్కలేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, స్టీరింగ్ కదలకుండా పట్టుకుని, వేగం తగ్గాక అంచున ఆపాడు. ఆయన చొక్కా చెమటకు తడిసిపోయింది.

"సచ్చేటోళ్ళం తమ్మీ! బరువంతా ఎన్కకు పడి ముందట లేస్తున్నది."

గ్రైండరును పికప్‌లోకి, బియ్యాన్ని క్యారవాన్‌లోనే చక్రాలకు సరిగ్గా పైనున్న చోటికి మార్చాం. ఆ తర్వాత ట్రాలీ దాకా అన్న బండి నెమ్మదిగానే నడిపాడు.

పొలం గేటు దగ్గర వదిన నిలబడి ఉంది. అన్న బండి దిగి, తలుపు కూడా వేయకుండా పరుగెత్తాడు.

"ఆగుండ్రి!" అని అరిచింది వదిన. ఆ గొంతుకు నేను కూడా ఉలిక్కిపడ్డాను. "దగ్గరికి రాకుండ్రి. నాకు పాజిటివ్ వచ్చింది. మీరు బండి నడుపుతున్నరని ఫోన్ చెయ్యలే."

అన్న ఇంకో అడుగు వేశాడు.

"మీరు మళ్ళ వర్షిణి దగ్గరికే పోవాలె" అంది.

అప్పుడు ఆగాడు. మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. క్యారవాన్ విప్పి, గడ్డిలో సమంగా నిలబెట్టి, మేం గేటు ఇవతలికి వచ్చేదాకా వదిన దూరంగా పక్కకు జరిగి ఉంది. తర్వాత క్యారవాన్ లోపలికెళ్ళి తలుపేసుకుంది.

అన్న దూరంగా నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. "గ్యాసు వాసనొస్తే కిటికీ తెరువు. వంట అయినంక సిలిండర్ బందుచెయ్యి. గాలి కంత ముయ్యకు..."

లోపలినుంచి దగ్గు వినబడింది. ఆగకుండా వినబడుతూనే ఉంది. అన్న గొంతు పెంచి, మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు.