వియర్తి నోట వచ్చిన ఇంగ్గి

కరంగ్‌వేరు వాడలో వియర్తి టెంపే తినని ఇల్లు లేదు. సోయాగింజలు ఉడికించి, పొట్టు తీసి, పులియబెట్టే మందు చల్లి అరటాకుల్లో కట్టి పెడితే, లోపల తెల్లగా బూజు పట్టి గట్టిపడేది. మనిషి మాత్రం మెత్తన. బేరమాడేవాళ్ళకి ఎదురు చెప్పేది కాదు. పెద్దవాళ్ళు ఏమన్నా తలవంచి ఇంగ్గి అనేది.

ఇంగ్గి అని ఆ వాడలో అందరూ అంటారు. అవునని చెప్పాలన్నా అదే మాట. వింటున్నానండీ అనాలన్నా అదే, చిత్తం అనాలన్నా అదే. మీ మాట నాకు నచ్చలేదు గానీ పెద్దవారు కాబట్టి ఊరుకుంటున్నాను అనడానికి కూడా అదే. ఏ ఇంగ్గి ఏమిటో ముఖం చూసి పోల్చుకోవాలి.

గిలాంగ్ గొడవ మొదలైంది ఆమె ఇంటి వసారాలోనే. వాడలో ఆడవాళ్ళు నెలకోసారి ఒకరింట్లో కూడి చీటీ వేసుకుంటారు. ఆ నెల వంతు వియర్తిది. పక్క ఊరి కుర్రాడు గిలాంగ్ ఇస్త్రీ చొక్కాతో వచ్చి, "పెద్దమ్మా, కాసేపు నన్నూ మాట్లాడనిస్తారా?" అన్నాడు. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి కాదనలేక ఇంగ్గి అంది. వాడు ఫోనులో వరికంకి బొమ్మ చూపించాడు. పాదీ కాయిన్, అంటే వరి నాణెం అట. చేతికి తగలదట, ఎలుక కొట్టదట, కూర్చున్నచోటే పెరుగుతుందట. అందరూ వేడివేడి టెంపే వేపుడు తింటూ విన్నారు. పక్కింటి పార్జియెమ్ అందరికన్నా ముందు చేరింది. వియర్తి కూడా గాజులు అమ్మి చేరింది గానీ, ఆ సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

ఒకరోజు ఫోన్లలోంచి వరికంకి, దాంతోపాటే కట్టిన డబ్బూ మాయమయ్యాయి. కొన్నాళ్ళకి గిలాంగ్ దొరికాడు. కేసు పెట్టారు.

దొంగ దొరికితే జనం కుదుటపడాలి. అలా జరగలేదు. టీ బండి దగ్గర రోజుకో అనుమానం పుట్టింది. కోర్టులో మూతికి గుడ్డ కట్టుకుని నిలబడ్డవాడు అసలు గిలాంగే కాదని ఒకరన్నారు. జైలు తిండికి బుగ్గలు ఎలా వచ్చాయని ఇంకొకరు అడిగారు. కాయిన్లు స్వాధీనం చేసుకున్నామని టీవీలో చెప్పిన రోజు బండివాడు టీ వడకడుతూ, "చేతికి తగలని నాణేన్ని ఏ బీరువాలో పెట్టి తాళం వేశారంట?" అన్నాడు. అందరూ నవ్వారు గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. అసలు తిమింగలాలు పైన ఉన్నాయి, ఈ కేసంతా మన కళ్ళు మూయడానికే అనుకున్నారు. పైనున్న వాళ్ళెవరో తెలియదు. వాళ్ళని తిట్టినా వినపడదు. వియర్తి మాత్రం పక్క సందులోనే ఉంది.

ఆమె మీదికి మాట మళ్ళింది ఆ ఇంగ్గి వల్లే.

సాక్ష్యం రాసుకోవడానికి పోలీసులు ఆమెను పట్నం పిలిపించారు. రాజధాని నుంచి కొత్తగా వచ్చిన అధికారి కంప్యూటర్ లోంచి తల ఎత్తకుండా అడుగుతూ పోయాడు. మీటింగు మీ ఇంట్లోనే కదా? ఇంగ్గి. వచ్చినవాళ్ళకి తినడానికి మీరే పెట్టారు? ఇంగ్గి. ఇది మోసమని మీకు ముందే తెలుసు? ఆయన ఇంకా ఏదో చెప్పబోతున్నాడనీ, అంతా విన్నాక జవాబు చెప్పవచ్చనీ అనుకుంది. మధ్యలో అడ్డుపడితే మర్యాదగా ఉండదని, సాగించండి అన్నట్టు ఇంగ్గి అంది. ఆయన టకటకా టైపు కొట్టుకున్నాడు. కాగితం బయటికి వచ్చాక సంతకం పెట్టమన్నాడు. దానికీ అదే మాట.

మొదటి వాయిదాలో ఆ కాగితం పైకి చదివారు. ముందే తెలుసునని సాక్షి ఒప్పుకుంది, అన్నారు. ఇది ఇలాగే నిలబడితే సాక్షుల బల్ల మీంచి లేపి గిలాంగ్ పక్కన కూర్చోబెడతారని వాడ పెద్ద చెప్పాడు. అంతకన్నా ఆమెకు గుచ్చుకున్నది వేరే ఉంది. అది చదువుతుంటే వెనక వరసలో కూర్చున్న వాడవాళ్ళలో ఒక్కరూ నవ్వలేదు. రోజంతా అదే మాట అనేవాళ్ళు, అది ఏ ఇంగ్గియో తెలియనట్టు ఆమె వీపు వంక చూశారు.

అప్పటినుంచీ ఆమెకు కాలు నిలవలేదు. ఇంటికప్పు పెంకులు మార్చే పని సగంలో ఆపించింది. డబ్బు ఎక్కడిదని పార్జియెమ్ ఎవరితోనో అన్నట్టు చెవిన పడింది. మిగతా సగానికి ప్లాస్టిక్ పట్టా కప్పి, వాన వస్తే గిన్నెలు సర్దుకుంటూ తిరిగేది. అయిందో లేదోనని అరటాకులు పదే పదే విప్పి చూసేది. గాలి సోకి టెంపే నల్లబడేది. నల్లబడ్డది అమ్ముడుపోదు, వండుకుంటే సయించదు. పొట్టు తీస్తూ తీస్తూ ఒక మాట గొణుక్కునేది. బోతెన్. కాదండీ అని. పెద్దవాళ్ళ ముఖాన ఆ మాట అన్న జ్ఞాపకం ఆమెకు లేదు. గింజల ముందు బాగానే వచ్చేది. వీధి తలుపు చప్పుడైతే గొంతులోనే ఆగిపోయేది.

రెండో వాయిదాకి వాడవాళ్ళంతా ఒకే వ్యాన్ మాట్లాడుకున్నారు. వియర్తికి చివరి సీటు మిగిలింది.

జడ్జి నెమ్మదైన మనిషి. ప్రమాణం చేశారు కదా అన్నాడు. ఇంగ్గి అంది. అబద్ధమాడితే శిక్ష ఉంటుందని తెలుసు కదా? ఇంగ్గి. అయితే ఈ కాయిన్ వ్యవహారం మోసమని మీకు ముందే తెలుసా?

నోరు అలవాటు ప్రకారం తెరుచుకుంది. ఆమె పెదవి గట్టిగా కొరుక్కుంది.

"బోతెన్."

అది కావలసినదానికన్నా పెద్దగా వచ్చింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"మరి పోలీసుల దగ్గర తెలుసని ఎందుకన్నారమ్మా?"

ఆమె తలవంచి, "అయ్యగారు మాట్లాడుతుంటే గమ్మున కూర్చుంటే బాగుండదు కదండీ" అంది.

ఈసారి అందరూ నవ్వారు. జడ్జి నవ్వలేదు. ఏదో రాసుకుని, ఆ ప్రాంతపు మాటతీరు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే వచ్చే వాయిదాకి సాక్ష్యం చెప్పించుకోవచ్చన్నాడు. తేదీ తర్వాత తెలుపుతామన్నారు.

తిరుగు దారిలో పొగాకు పొలాలు దాటాక పార్జియెమ్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది.

"బాగా చెప్పావక్కా. ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు."

"అంటే, వకీలు గట్రా..."

"వకీలుకి ఇచ్చుకోను నా దగ్గరేముంది? నీకు పోయినట్టే నాకూ పోయింది."

పక్కనున్న ఆమె మోకాలితో పొడిస్తే పార్జియెమ్, "నన్ను పిలిచినా నేనూ అలాగే ఇంగ్గి అనేదాన్నిలే" అంది నసుగుతూ. "నన్ను పిలవలేదు కాబట్టి బతికిపోయాను."

వియర్తి సీటు అంచుకి జరిగింది.

"అయితే ఆ మాటే వచ్చి జడ్జిగారికి చెప్పు పార్జియెమ్. మనం ఇంగ్గి ఎందుకంటామో చెప్పు. నువ్వు చెబితే నమ్ముతారు. నీకూ పోయిందని వాళ్ళకి తెలుసు."

వ్యాన్‌లో అందరూ పార్జియెమ్ వంక చూశారు. ఆమె ముందుకు తిరిగి, ఒళ్ళో సంచి మూతి బిగించి కట్టుకుంది.

"ఆ రోజు నాకు వేరే పనుందక్కా" అంది.

"ఏ రోజో ఇంకా చెప్పలేదు" అంది వియర్తి.